మెల్లగా నడచు బొమ్మలు

ఈ పత్రికలో సినిమాను గూర్చి వ్యాసమేమిటని నీవు నొసలు ముడుచుకొందువేమో. మా నాయనయు అట్లే ముడుచుకొనెడివాడు. నా చిన్నతనమున మా సంఘములో సినిమాకు పోయినాడని పేరుపడిన పిల్లవాడు పెద్దల యెదుట తల వంచుకొని నిలువవలసినదే. వారి భయమునకు కారణము లేకపోలేదు. వారము దినముల కూలి డబ్బులను టిక్కెట్టు కిటికీలో పోసి, ఇంట పిల్లలను పస్తుంచినవారిని వారు చూచియుండిరి. నేను చెప్పబోవునది అట్టి ఆటలను గూర్చి కాదు. పాటలు లేక, పోట్లాటలు లేక, నత్త నడకన సాగుచు, కలలో నున్నట్లు చూడవలసిన చిత్రములు కొన్ని లోకమందు కలవు. వాటిని చూచుట ఎంత సంతోషమో నేను ముసలితనమున నేర్చుకొంటిని. ఆ నేర్పు నా యింటిలో ఒక తప్పును దిద్దెను. అది నీకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను మెదకు పట్టణమునందు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నాలుగేండ్ల క్రిందట నా భార్యకు పక్షవాతము వచ్చెను. కుడి చేయి, కుడి కాలు పడిపోయెను. మాట పోలేదు గాని మిక్కిలి నిదానించెను. ఒక మాట పలికిన తరువాత రెండవ మాట వచ్చుటకు, బావిలోనికి చేద దిగి నీరు ముంచుకొని పైకి వచ్చునంత సేపు పట్టుచుండెను. నేనా, పిల్లవాని నోట జవాబు సగము రాకమునుపే తక్కిన సగము నేనే చెప్పి, జన్మమంతయు ముందుకు పోయినవాడను. ఆమె "నీ..." అనగానే "నీళ్లా?" అని చెంబు అందించెడివాడను. "మం..." అనగానే మందుబిళ్ల తెచ్చెడివాడను. ఆమె చెప్పదలచినది వేరొకటి. అయినను చెంబు పుచ్చుకొని, మందు మ్రింగి, కన్నులు మూసికొనెడిది.

తెల్లవారుజామున గాలి కొరకు ఆమె మంచము ప్రక్కనున్న కిటికీ తెరచెడివాడను. ప్రొద్దు పొడిచిన కొంతసేపటికి ఆమె "కిటికీ" అనెడిది. ఎండ కొట్టుచున్నది గాబోలునని నేను మూసివేసెడివాడను. మరుసటి దినము మరల "కిటికీ" అనెడిది. నేను మరల మూసెడివాడను. నెల దినములైన తరువాత ఆమె ఆ మాట మానుకొనెను. క్రమముగా అన్ని మాటలును మానుకొనెను. పలుకరించుటకు వచ్చిన సంఘ పెద్దలతో, "మాట గూడ పోయిందయ్యా" అని చెప్పితిని. అది నిజమని నమ్మియే చెప్పితిని.

ఆ వేసవిలో హైదరాబాదునందు చదువుకొనుచున్న మా కూతురి కొడుకు సెలవులకు వచ్చెను. ఒక రాత్రి వాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుండియుండగా నేను వెనుకనుండి తొంగిచూచితిని. తెలుపు నలుపు బొమ్మ. ఒక గది. గదిలో ఎవరును లేరు.

"బొమ్మ ఆగిపోయింది గదరా" అంటిని.

"ఆగలే తాతా, నడుస్తనే ఉంది. జర కూసొని సూడు" అనెను.

కూర్చుంటిని. అది జపాను దేశస్థుడైన యాసుజిరో ఓజు 1953లో తీసిన "టోక్యో కథ" అను చిత్రము. దూరపు ఊరినుండి ముసలి దంపతులు టోక్యో నగరములో నున్న బిడ్డలను చూడ వత్తురు. కొడుకు వైద్యుడు, కూతురికి సొంత అంగడి కలదు. ఇద్దరికిని తీరిక లేదు. ముసలివారిని ఏమి చేయవలెనో తోచక వేడినీటి బుగ్గలున్న వేరొక ఊరికి పంపివేయుదురు. యుద్ధములో చనిపోయిన మరియొక కొడుకు భార్య మాత్రము తన కొలువునకు సెలవు పెట్టి వారికి నగరము చూపును. వారు ఇల్లు చేరిన కొద్ది దినములకే ఆ తల్లి చనిపోవును. కథ అంతే. ఎవరును అరవరు, ఎవరును ఎవరిని శపింపరు. చాపమీద కూర్చున్నవాని కంటికి ఇంచుమించు సమానమైన ఎత్తున కెమెరాను ఉంచి, అది కదలకుండ చూచుచుండును. మనుష్యులు గది విడిచి పోయినను అది వెంటనే పోదు. ఖాళీ గదిని ఇంకొంచెము సేపు చూచును. వారు పోయిరని నాకు అప్పుడే నిజముగా తెలియుచుండెను.

ఆ బిడ్డలు దుష్టులు కారు. తీరిక లేనివారు, అంతే. వారి ముఖములు నాకెక్కడనో చూచినట్లుండెను గాని, ఆ రాత్రి నేను దానిని గూర్చి లోతుగా తలంపలేదు.

చదువరీ, ఈ చిత్రములు ఎట్లు పనిచేయునో నీకు కొంచెము చెప్పెదను. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు వరుసగా తెరమీదికి వచ్చును. అందువలన చలనము కనబడును. మనము చూచు మామూలు సినిమాలో కొద్ది సెకనులకొకసారి దృశ్యము మారును. కన్ను ఒకచోట నిలువకముందే మరియొకచోటికి లాగబడును. ఈ మెల్లని చిత్రములలోనో, ఒకే దృశ్యము ఒక నిమిషము, రెండు నిమిషములు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువసేపు నిలిచియుండును. కన్ను మొదట విసుగుకొనును. పిదప వెదకనారంభించును. గోడమీది నీడ, చేతి వ్రేళ్ల వణకు, దూరమున కుక్క మొరుగు, ఇవన్నియు ఒక్కొక్కటిగా దగ్గరకు వచ్చును. ఇక్కడ ఏడువుము, ఇక్కడ నవ్వుము అని సంగీతము ఆజ్ఞాపింపదు. ఎవరును తొందరపెట్టని ఆ స్థితిలో మనస్సు కొంత నిద్రవలెను కొంత మెలకువవలెను ఉండును. వేసవి రాత్రి ఆరుబయట మంచముమీద పండుకొని నక్షత్రములను చూచినప్పుడు నీకట్లే యుండును గదా.

మనుమడు సెలవులలో ఇట్టివి మరికొన్ని చూపెను. రష్యా దేశస్థుడు ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీ 1983లో తీసిన "నోస్టాల్జియా" చిత్రములో ఒకడు నీరు తీసివేసిన కోనేటివంటి చోట, వెలుగుచున్న క్రొవ్వొత్తిని ఈ గట్టునుండి ఆ గట్టునకు మోసికొని పోవలెను. గాలికి అది ఆరిపోవును. వాడు తిరిగి వచ్చి, వెలిగించుకొని, మొదటినుండి నడచును. మరల ఆరును. మూడవసారి చేరును. ఈ దృశ్యము దాదాపు తొమ్మిది నిమిషములు తెగకుండ నడచును. క్రిస్మస్ తెల్లవారుజామున క్రొవ్వొత్తిని అరచేతితో కాపాడుకొనుచు దేవాలయమునకు నడచిన నీకు, నాకు ఆ తొమ్మిది నిమిషములు పొడుగుగా తోచవు. మన దేశస్థుడు మణి కౌల్ 1970లో తీసిన "ఉస్కీ రోటీ" చిత్రములో ఒక పల్లెటూరి ఇల్లాలు బస్సు నడుపు భర్తకు రొట్టె మూట పట్టుకొని బాట ప్రక్కన కనిపెట్టుకొని యుండును. కనిపెట్టుటయే ఆ చిత్రము.

ఒకనాడు మనుమడు, "తాతా, ఇది మన జిల్లాల పుట్టినాయన తీసిండు" అని "దాసి" చిత్రము పెట్టెను. బి. నర్సింగరావుగారు అప్పటి మెదకు జిల్లాలో గజ్వేలు దగ్గరి ప్రజ్ఞాపురమున జన్మించినవారు. 1988లో వారు తీసిన ఆ చిత్రమును నేను పడుచుతనమున ఒకసారి చూడబోయి, సగములో లేచి వచ్చినవాడను. "ఏమీ లేదు, ఒక దాసి పని చేసికొనుచు తిరుగుచుండును" అని అందరితో అంటిని. ఇప్పుడు మరల చూచితిని. 1920ల నాటి తెలంగాణపు గడి. కమలాక్షి అను దాసి. అర్చన ఆ పాత్ర ధరించి జాతీయ ఉత్తమ నటి పురస్కారము పొందెను. అపూర్వ కిశోర్ బీర్ కెమెరాకును జాతీయ పురస్కారము వచ్చెను. పిల్ల మాటలాడదు. మాటలాడుటకు ఆమెకు అధికారము లేదు. దొర పిలిచినప్పుడు పోవును, దొరసాని పిలిచినప్పుడు పోవును. ఆమె కడుపులోని బిడ్డయు ఆమెది కాకుండ పోవును. మొదటిసారి నేను "ఏమియు జరుగలేదు" అనుకొన్న చోట్లనే సమస్తమును జరుగుచుండెను. నోరు లేనిదాని బాధను, అది నోరు తెరచి చెప్పువరకు నేను బాధ యని ఎంచలేదు. చిత్రము ముగిసిన తరువాత ప్రక్క గదిలోని మంచము చప్పుడు వినబడెను. నేను చాలసేపు లేవలేకపోతిని.

మరునాడు ఉదయమున, నిద్రపట్టక, చీకటితోనే మా పెద్ద దేవాలయమునకు పోయితిని. నీవు దానిని చూచియుందువు. ఫాస్నెట్ దొరగారు కరవు కాలములో బీదలకు పని చూపి, పనికి కూడు పెట్టి కట్టించినది. పది సంవత్సరములు పట్టెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. 175 అడుగుల గోపురమును, లోపల రంగుటద్దాల కిటికీలను చూచుటకు ఎందరో వత్తురు. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము ఆ మూడు కిటికీలలో కలవు. వాటికి బొమ్మలు రూపొందించినవాడు ఫ్రాంక్ సాలిస్బరీ అను ఆంగ్ల చిత్రకారుడు. రంగుగాజు ముక్కలను సీసపు పట్టీలతో అతికిన ఆ కిటికీలకు తమ స్వంత వెలుగు లేదు. బయటి సూర్యకాంతి వాటిగుండ వచ్చినప్పుడే బొమ్మ కనబడును. రాత్రివేళ లోపలనుండి చూచినచో వట్టి నలుపు. యాత్రికులు ఫోనులో ఒక చిత్రము తీసికొని రెండు నిమిషములలో వెళ్లిపోవుదురు. వారిని నేను తప్పుపట్టను. నలువది ఏండ్లు ఆ కిటికీల క్రింద కూర్చుండి, ప్రసంగము ఎప్పుడు ముగియునో యని గడియారమునే చూచినవాడను నేను.

ఆ ఉదయము కూర్చుండి ఆరోహణపు కిటికీని చూచితిని. మొదట సీసపు గీతలు మాత్రమే. తరువాత నీలము వచ్చెనో, రాలేదో తెలియని స్థితి. తరువాత ఒక వస్త్రపు అంచు. ఒక చేయి. ఒక ముఖము. ఎప్పుడు చీకటి పోయెనో, ఎప్పుడు రంగు వచ్చెనో వ్రేలుపెట్టి చూపలేను. గెత్సేమనే తోటలో ప్రభువు తన శిష్యులను అడిగినది గొప్ప కార్యము కాదు. ఒక గడియ తనతో మెలకువగా ఉండుమనియే. అది తలంపునకు వచ్చి, నేను లేచి ఇంటికి పోయితిని.

నా భార్య మేలుకొనియుండెను. కిటికీ తెరచియుండెను. నేను మంచము ప్రక్క స్టూలు వేసికొని కూర్చుంటిని. ఆమె నా వైపు చూచెను.

"ఏందే?" అంటిని. అని నోరు మూసికొంటిని. అది నాకెంత కష్టమాయెనో నీకు చెప్పలేను. చెంబు అందించుటకు చేయి లేచుచుండగా ఆ చేతిని తొడక్రింద పెట్టుకొంటిని. గోడ గడియారము కొట్టుకొనుచుండెను. వీధిలో పాలవాని బండి వచ్చి పోయెను. ఆమె పెదవులు కదలెను, ఆగెను, మరల కదలెను.

"కిటికీ" అనెను.

నేను లేవలేదు.

చేద దిగి పైకి వచ్చెను. "మూయకు" అనెను.

మరియొక చేద. "చింతచెట్టు."

ఆమె తల క్రింద దిండు సవరించి, ఆమె చూచువైపు నేనును చూచితిని. మా పెరటి గోడకు ఆవల ఒక పాత చింతచెట్టు కలదు. ఎండ మొదట దాని కొనకు తగిలెను. అక్కడనుండి కొమ్మ కొమ్మకు దిగుచు వచ్చెను. ఒక ఉడుత ఎండలోనికి వచ్చి, నీడలోనికి పోయెను. ఆకులు గాలికి తిరిగినప్పుడెల్ల వెలుగు చిన్న చిన్న నాణెములవలె రాలుచుండెను. మొదలు వరకు ఎండ దిగుటకు గంటకు మించి పట్టెను. నెల దినములు నేను ఆమె కన్నుల యెదుట మూసివేసినది ఇదే. కాలు చేయి పోయిన ఆ మనిషికి దినమంతటిలో మిగిలిన ఒక్క వేడుకను, సేవ చేయుచున్నానని తలంచుచు ప్రతి ఉదయము తీసివేసితిని.

"తప్పయింది" అంటిని.

చాలసేపైన తరువాత ఆమె "పంతులువు... గదా" అని, బాగుగా నున్న ఎడమ ప్రక్క పెదవితో నవ్వెను.

అది మొదలుకొని మేము కలిసి చూచుట కలవాటు పడితిమి. ఉదయము చింతచెట్టు, సాయంకాలము చిత్రము. ఆమెకు మిక్కిలి నచ్చినది ఇటలీ దేశస్థుడు ఎర్మాన్నో ఓల్మీ 1978లో తీసిన "కొయ్య చెప్పుల చెట్టు". కాన్ ఉత్సవములో ఆ సంవత్సరపు అగ్ర బహుమానము దానికే వచ్చెను. మూడు గంటలకు మించిన చిత్రము గనుక మూడు సాయంకాలములు చూచితిమి. దానిలో నటులు లేరు. ఆ ప్రాంతపు రైతులే తమ యాసలో మాటలాడుచు, తమ పని తాము చేయుదురు. పందొమ్మిదవ శతాబ్దపు చివర, ఒక భూస్వామి క్రింద పాలునకు సేద్యము చేయు నాలుగైదు కుటుంబములు. రాత్రి పశువుల కొట్టములో చేరి కథలు చెప్పుకొందురు. ఒక ముసలివాడు కోళ్ల పెంట వేసి, అందరికంటె ముందుగా టొమాటోలు పండించి మనుమరాలితో కలిసి సంతకు పోవును. ఆ పాదుకు పెంట వేయుట చూచి నా భార్య, "మా... అవ్వ... గిట్లనే" అనెను. ఒక విధవరాలి ఆవు జబ్బుపడగా, ఆమె ప్రార్థించి వాగు నీరు తెచ్చి త్రాగించును, ఆవు లేచి నిలుచును. ఒక పిల్లవాడు చాల దూరము నడచి బడికి పోవును. వాని కొయ్య చెప్పు విరిగిపోగా, తండ్రి రాత్రివేళ దొర చెట్టొకటి రహస్యముగా నరికి క్రొత్త చెప్పు చేయును. దొరకు తెలిసెను. ఆ కుటుంబము సామానంతయు బండిమీద వేసికొని చీకటిలో వెళ్లిపోవలసి వచ్చెను. ఇరుగుపొరుగువారు తలుపుల వెనుకనుండి చూచుచుందురు, ఒక్క మాటయు అనలేరు. మన పల్లెలలో పెద్దలు చెప్పు కథలకును దీనికిని ఊరి పేరు తప్ప భేదము లేదు. బండి దీపము కనుమరుగగువరకు నా భార్య రెప్ప వేయలేదు.

ఇట్టి చిత్రములన్నియు గొప్పవని నేననను. కొన్ని వట్టి గర్వముతో తీసినవి. కొన్ని నాకు అర్థము కాలేదు. కొన్నిటిలో హాయిగా నిద్రపోతిని. అది పాపమని తలంపకుము. ఇరాను దేశస్థుడైన గొప్ప దర్శకుడు కియారోస్తమీ, ప్రేక్షకులను నిద్రపుచ్చు చిత్రములే తనకిష్టమని చెప్పియున్నాడు. నిద్రలేచి చూడగా నా భార్య మాత్రము చూచుచునే యుండెడిది. మా యిద్దరిలో మంచి చూపరి ఆమెయే.

పోయిన నవంబరులో ఆమె ప్రభువునందు నిద్రించెను. చివరి సంవత్సరములలో దినమునకు పది మాటలైనను పలికెడిది. ఒక్కటియు నేను మధ్యలో త్రుంచలేదని చెప్పగలను.

ఆమె పోయిన తరువాత మనుమడు పంపిన ఒక చిత్రమును ఒంటరిగా చూచితిని. డెన్మార్కు దేశస్థుడు కార్ల్ డ్రేయర్ 1955లో తీసినది. దాని పేరు "ఆర్డెట్". ఆ భాషలో "వాక్యము" లేక "మాట" అని అర్థము. ఆ కథను మొదట నాటకముగా వ్రాసిన కై మంక్ ఒక సంఘ కాపరి. 1944లో హిట్లరు రహస్య పోలీసులు ఆయనను చంపిరి. ఆ చిత్రములో ఒక రైతు ఇంట కోడలు కాన్పులో చనిపోవును. పెద్దలందరు విశ్వాసమును గూర్చి వాదించుకొనుచుందురు. ఆమె చిన్న కూతురు మాత్రము, అందరు పిచ్చివాడని యెంచిన పినతండ్రి చేయి పట్టుకొని, అమ్మను లేపుమని తొందరచేయును. శవపేటికలోని ఆ తల్లి చేతివ్రేళ్లు మెల్లగా కదలును. ఎంత మెల్లగా ననగా, చూచువాడు ముందుగా తన కన్నులనే అనుమానించును.

నా యింట అట్టిది జరుగలేదు. మంచము ఖాళీగా నున్నది. మొదటి దినములలో ఆ గది తలుపు వేసియుంచితిని. పిమ్మట తెరచితిని. ఓజు కెమెరావలె, ఆమె లేని గదిలో ప్రతి ఉదయము కొంతసేపు కూర్చుందును. ఎండ చింతచెట్టు కొనకు తగులును, కొమ్మ కొమ్మకు దిగును. దుఃఖము పోలేదు. దానితో కూర్చుండుట మాత్రము నాకిప్పుడు తెలియును.

ప్రియ చదువరీ, నీ ఊరిలో ఈ చిత్రములు దొరకకపోవచ్చును. పట్టణమున చదువుచున్న మీ పిల్లలను అడిగినచో కొన్నింటిని తెచ్చి చూపగలరు. దొరకినచో ఫోను దూరముగా పెట్టి, ఇంట పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కటి చూడుము. మొదటి అరగంట విసుగు వచ్చును. లేవకుము. చిత్రము దొరకకున్నను చింతించకుము. నీ యింట నడవలేని తల్లియో, నత్తిగా మాటలాడు బిడ్డయో, చెప్పినదే చెప్పు తాతయో ఉండవచ్చును. నేటి సాయంకాలము వారి ప్రక్కన స్టూలు వేసికొని కూర్చుండుము. వారు మొదలుపెట్టిన మాటను వారినే ముగింపనిమ్ము. వారు ఏ వైపు చూచుచున్నారో చూచి, అటు కిటికీ యున్నచో తెరువుము.